రోజిన్ పెట్టని కమాను

"ఒక గంట కూర్చోండమ్మా, అయిపోతుంది" అన్నాడు వాద్యాలు బాగుచేసే ఆయన, నా వయొలిన్ కమానును కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూస్తూ. మూడు వారాలు పడుతుందంటాడని వచ్చాను. ఇదివరకు ఇచ్చే దుకాణం ఆయన ఎప్పుడూ మూడు వారాలకు తక్కువ చెప్పలేదు, ఆయన కొట్టు మూసేశాడని తెలిసి ఇక్కడికి వచ్చాను, ఎవరైనా అంతేగా అనుకున్నాను. దారి పొడుగునా బస్సులో ఆ మాటే వల్లించుకున్నాను, మూడు వారాలంటండీ, వెంట్రుకలన్నీ ఊడిపోయాయి, కమాను లేకుండా ఎలా వాయించను చెప్పండి, అని. చివర్లో ఆ 'చెప్పండి' ఎంత బాధగా పలకాలో కూడా చూసుకున్నాను. ఇప్పుడేమో గంట అంటున్నాడు. గోడ గడియారం నాలుగు దాటి రెండు నిమిషాలు చూపిస్తోంది. ఐదింటికి లెక్కలాయన ఫోన్ చేస్తాడు, ఆయన ఐదంటే ఐదే, కాలేజీలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, మా శనివారం బృందాన్ని నడిపేది ఆయనే, పన్నెండు మందిమి, పన్నెండు కుర్చీలు, అందులో రెండో వరసలో కిటికీ వైపు కుర్చీ ఏడు నెలలుగా ఖాళీగా ఉంది. అది నాది. దాన్ని ఎవరో కొత్తావిడ అడుగుతోందట. "వస్తావా రావా, రాకపోతే ఎందుకు రావు, ఈ రెండూ చెప్పమ్మా, మూడోది అడగను" అన్నాడు మొన్న. మొదటిదానికి జవాబు నాకు తెలుసు. రెండోదానికి జవాబు నిన్న మధ్యాహ్నం పెట్టె తెరిచినప్పుడు దొరికిందనుకున్నాను, దాన్ని ఈయన గంటలో బాగుచేసి చేతిలో పెట్టేస్తానంటున్నాడు.

కూర్చున్నాను. కుర్చీకి ఒక కాలు పొట్టి. దాని కింద పెట్టిన అట్టముక్క జారిపోయి పక్కనే పడి ఉంది, వంగి తీసి మడత సరిచేసి మళ్ళీ కాలి కింద పెట్టాను, ఊగడం ఆగింది. చెక్కపొట్టు వాసన, జిగురు వాసన, వార్నీషు వాసన, మూడూ విడివిడిగా తెలుస్తున్నాయి. గోడమీద మూడు వయొలిన్లు వేలాడుతున్నాయి, ఒకదానికి పొట్ట లేదు. అద్దాల బీరువా మీద పిల్లల వేలిముద్రలు, ఒకటి మరీ కిందగా, ఆ అద్దాన్ని కాస్త తడిగుడ్డతో తుడిస్తే అనిపించింది, చేతులు నిజంగానే లాగాయి, అదే విచిత్రం, తుడవాలన్న కోరిక మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆయన కత్తెర తీసి కమానుకు మిగిలిన పాత వెంట్రుకలను కోసేశాడు. గుర్రపు తోక వెంట్రుకలవి, తెల్లటి పోగు ఒక్కసారిగా నేలమీదికి జారింది, చప్పుడు లేదు. ఇరవై రెండేళ్ళు ఈ కమానుతోనే వాయించాను, వెంట్రుకలు మార్పించిన ప్రతిసారీ కొత్తవి చూసి సంతోషంతో పాటు పాతవి పోయినందుకు అయ్యో అనిపించేది, ఒకసారి ఆ పోగు అడిగి ఇంటికి తెచ్చుకున్నాను కూడా, పిచ్చిదానిలాగా, అది ఇప్పటికీ ఏదో డబ్బాలో ఉండాలి. ఇప్పుడు అయ్యో వస్తుందేమోనని చూశాను. దీన్ని ఎవరు ఊడుస్తారు అన్నది వచ్చింది.

నిన్న మధ్యాహ్నం గిన్నెలు కడిగి, స్టవ్వు తుడిచి, తుడిచిన గుడ్డ పిండి ఆరేసి, ఇక చెయ్యడానికి ఏమీ లేకుండా చేసుకుని, అప్పుడు స్టూలు వేసుకుని బీరువా మీదనుంచి పెట్టె దించాను. ఏడు నెలల కిందట ఎంత జాగ్రత్తగా కట్టాను దాన్ని. వయొలిన్ తుడిచి, పట్టుగుడ్డ కప్పి, కమాను బిగువు సడలించి దాని చోట దాన్ని పెట్టి, పెట్టెకు రెండు గొళ్ళేలూ వేసి, పైన పాత ఉన్ని శాలువా రెండు చుట్లు చుట్టి, తాడుతో కట్టాను. ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు మా అమ్మాయిని కూడా అంత పకడ్బందీగా చుట్టలేదు. నిన్న ముడి విప్పుతుంటే వేళ్ళు కాస్త వణికితే బాగుండుననుకున్నాను, వణకలేదు, ముడి చక్కగా వచ్చింది, నేను వేసిన ముడి ఎప్పుడూ చక్కగానే వస్తుంది. తెరిచి చూస్తే ఏదైనా కదులుతుందేమో, చూద్దాం, అదొక పరీక్ష. కమాను ఎత్తాను. వెంట్రుకలు సగానికి సగం పెట్టెలోనే ఉండిపోయాయి, మిగతావి ఒక్క చివరే అంటుకుని మోచేతిమీదికి వాలాయి. హమ్మయ్య అనిపించింది. ఏడు నెలల్లో మొదటిసారి ఏదో ఒకటి అనిపించడం, అది హమ్మయ్య. ఇదీ కారణం, చేతిలో పట్టుకుని చూపించగలిగిన కారణం, చూశారా, ఊడిపోయింది, నాది కాదు తప్పు.

ఎందుకంటే అందరికీ కారణం కావాలి. మా ఆయన నీటి సరఫరా ఆఫీసులో పనిచేస్తారు, రోడ్డు కింద పైపు ఎక్కడ కారుతోందో కనిపెట్టడం ఆయన ఉద్యోగం, ఒక ఇనప కడ్డీ నేలకు ఆనించి ఇంకో చివర చెవి పెట్టి వింటారు, ఆ వినడంలో ఆయనంతటివాడు ఆఫీసులో లేడట. రెండో నెలలో ఒక ఆదివారం నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఒంట్లో బాలేదా? భుజం నొప్పా? ఎవరన్నా ఏమన్నా అన్నారా? ఆ లెక్కలాయన అరిచాడా? నేనేమన్నా అన్నానా?" ఒక్కొక్కటీ తట్టి చూశారు. ఏమీ లేదన్నాను. "ఏమీ లేకుండా ప్రెషరెందుకు పడిపోతుంది? ఎక్కడో కారుతోంది నీకు" అన్నారు. చదువుకుంటున్న మా అమ్మాయి తల ఎత్తకుండానే, "నాన్నా, ఇప్పుడు అమ్మని తవ్వుతావా ఏంటి రోడ్డులాగా? తవ్వితే మళ్ళీ పూడ్చరు మీరు, తెలుసుగా" అంది. నవ్వాం ముగ్గురమూ. నేనూ నవ్వాను, నవ్వు పోలేదు, ఆకలి పోలేదు, వంటలో ఉప్పు తప్పలేదు, ఇంటికొచ్చిన వాళ్ళతో మాట్లాడడం మానలేదు. పోయింది ఒక్కటే. కింది వాటాలో ఉండే ఆయన, మధ్యాహ్నం రెండింటికి నేను మొదలుపెట్టగానే చీపురు కర్రతో మా నేలను, అంటే వాళ్ళ పైకప్పును, టకటకా కొట్టే ఆయన, ఒకరోజు మెట్ల మీద ఎదురై "ఊళ్ళో ఉండట్లేదా అమ్మా?" అని అడిగాడు. ఉంటున్నానండీ అన్నాను. "ఓహో" అన్నాడు, కొంచెం నిరాశగా, చీపురు కర్రకు పని లేకుండా పోయినట్టు.

ఎప్పుడు పోయిందో చెప్పమంటే చెప్పలేను. మొదట చేతులు కడుక్కుని వచ్చి పెట్టె ముందు కూర్చుని, కిటికీ చువ్వల మీద మరక చూసి, అది తుడిచి వద్దామని లేచి, అలా రెండు కిటికీలు తుడిచేసరికి మూడయ్యేది. తర్వాత శ్రుతి చేసి, చేశానుగా అనిపించి, మూసేసేదాన్ని. తర్వాత వాయించేదాన్ని కానీ, చెయ్యి వాయించేది, నేను కూరగాయల సంచీ ఎక్కడ పెట్టానో ఆలోచించేదాన్ని, తప్పులు కూడా దొర్లేవి కావు, తప్పు దొర్లితే కనీసం ఉలిక్కిపడేదాన్నేమో. వేడి టీ తాగి నాలుక కాలినప్పుడు రెండు రోజులు ఏది తిన్నా ఒకటే, చల్లగా ఉందో వేడిగా ఉందో తెలుస్తుంది, అంతే. దానికేం కంగారు పడం కదా, రెండు రోజుల్లో వచ్చేస్తుందని తెలుసు. మూడో రోజు రాకపోతే ఏం చేస్తారో నాకెవరూ చెప్పలేదు.

బల్ల దగ్గర ఆయన కమాను కొనలో ఉన్న చిన్న చెక్క ముక్కను సన్నటి ఉలితో పెకిలిస్తున్నాడు. పళ్ళ మధ్య దారం పట్టుకున్నాడు, మాట్లాడినప్పుడల్లా దారం ఊగుతోంది. పెట్టెను కూడా దగ్గరికి లాక్కుని మడతల్లో చిన్న పట్టకారుతో వెతికాడు. ఏదో తీసి కాగితం మీద పెట్టాడు, నువ్వుగింజలో సగం ఉంది, ఖాళీ డొల్ల.

"ఎక్కడ పెట్టారమ్మా దీన్ని?"

"బీరువా మీద."

"ఊరికేనా?"

"శాలువా చుట్టి."

"ఉన్నిదా?"

అవునన్నాను. దారం జారనివ్వకుండా నవ్వాడు. "భోజనం పెట్టి, దుప్పటి కప్పి, దీపం ఆర్పి మరీ పడుకోబెట్టారు పురుగుల్ని. వీటికి ఉన్ని ఇష్టం, వెంట్రుక ఇంకా ఇష్టం. చీకటి కావాలి, కదలిక ఉండకూడదు. రోజూ వాయించేవాళ్ళ పెట్టెలో ఉండవు. ఎక్కడ పడితే అక్కడ పడేసే వాళ్ళ దాంట్లోనూ ఉండవు, పిల్లలు తీసి పెడుతుంటారు గదా. భద్రంగా దాచినవే వస్తాయి నా దగ్గరికి. మీరు శుభ్రం మనిషి కదూ?"

"ఎలా తెలుసు?"

"ఆ అట్టముక్క మూడేళ్ళుగా పడిపోతోంది. కూర్చున్నోళ్ళందరూ ఊగి వెళ్తారు. పెట్టింది మీరే." డొల్లను కాగితంతో సహా పక్కకు జరిపి, "చాన్నాళ్ళయిందా?" అన్నాడు. ఏడు నెలలన్నాను. "ఊఁ" అన్నాడు. ఎందుకు అంటాడని చూశాను. బస్సులో వల్లించిన జవాబు ఈయనకు పనికిరాదు, ఆయన చేతిలోనే ఉందది, అందుకని ఇంకేదైనా చెప్పాలని వెతుక్కుంటున్నాను, ఆయనేమో కొత్త వెంట్రుకల కట్టను కొక్కెం మీదనుంచి దించి, లెక్కపెట్టకుండా వేళ్ళతోనే కొలిచి, కావలసినంత పాయ తీసి, చివర దారంతో బిగించి చుట్టడంలో పడ్డాడు. అడగలేదు. ఏడు నెలల్లో అడగనిది ఈయనొక్కడే.

శుభ్రం మనిషి. మా అత్త ఉంటే ఆ మాటకు పడీ పడీ నవ్వేది. నాన్నకు అక్క, నాకు వయొలిన్ నేర్పింది తనే, స్కూలు యూనిఫారాలు కుట్టేది, ఇల్లంతా నీలంరంగు గుడ్డపీలికలు, దారపు ముక్కలు, సుద్దముక్కలు, ఆ మధ్యలో గోడకు ఒక మేకు, మేకుకు వయొలిన్, దాని పక్కనే ఇంకో మేకుకు కమాను, టేపు, పెద్ద కత్తెర. పెట్టె ఉండేది, అందులో గుండీలు పోసుకునేది. నాకు పదేళ్ళప్పుడే ఆ గోడ చూస్తే ఒళ్ళు మండేది. "దుమ్ము పడుతుందత్తా" అనేదాన్ని. "పడనీవే. దుమ్మేమన్నా తింటుందా? తుడిస్తే పోతుంది" అనేది, మిషను చక్రం ఆపకుండానే. నేను పెద్దయ్యి నా సొంతది కొనుక్కున్నప్పుడు మంచి పెట్టె కొన్నాను, లోపల మఖమలు, రెండు గొళ్ళేలు, అత్తలా వేలాడదియ్యను అనుకున్నాను. దుమ్ము తినదు. తినేది వేరే ఉందని ఆవిడకు తెలుసో తెలియదో, తెలిసి ఉండదు, బద్ధకం అయి ఉంటుంది, మేకుకు తగిలించడం సులువు, అంతే, ప్రతిదానికీ అర్థం తియ్యక్కర్లేదు. కానీ ఇప్పుడు ఇంకోటి గుర్తొస్తోంది, గుర్తు రావడం కాదు, గుర్తు లేకపోవడం. అత్త ఆ వయొలిన్ వాయించడం నాకు గుర్తుంది, పండక్కొచ్చిన చుట్టాల్లా కొన్ని సాయంత్రాలు, విడివిడిగా. అది గోడకు వేలాడడం గుర్తుంది, అది మాత్రం ఎప్పుడూ. మరి ఆ సాయంత్రాల మధ్య ఎన్నాళ్ళు? స్కూళ్ళు తెరిచే ముందు రెండు నెలలు మిషను దిగేది కాదు. మామయ్య చనిపోయిన ఏడాది? ఆ ఏడాది వాయించిందా? వాయించలేదనే అనుకుంటాను. ఎందుకు వాయించట్లేదు అని నేను అడిగానా? అది అక్కడే ఉండేది కదా, కత్తెర పక్కన, కళ్ళెదురుగా, వాయించట్లేదని తోచనే లేదు నాకు.

ఫోన్ మోగింది. గడియారం చూశాను, నాలుగూ ముప్పై ఐదే, లెక్కలాయన కాదు. మందుల షాపమ్మాయి. బృందంలో నా పక్క కుర్చీ, మేమిద్దరం ఒకే స్టాండు మీద కాగితాలు చూసి వాయిస్తాం, నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది, తన షాపులో నిలబడి ఎవరికో మాత్రలు కత్తిరించి ఇస్తూ మాట్లాడుతోందని చప్పుడును బట్టి తెలుస్తోంది.

"అక్కా, ఇవాళేగా ఆయన చేసేది? ఏం చెప్తున్నావ్?"

"కమాను పాడైందని చెబుదామనుకున్నా. ఇక్కడాయన గంటలో అయిపోతుందంటున్నాడు."

"నేను చెప్పిన దుకాణమేగా? నేను చెప్పానుగా స్పీడని. చూశావా, నా నోటి చలవ." కత్తెర చప్పుడు. "రెండు పూటలా తిన్నాకేనండీ, తినకుండా వేసుకోకండి. నిన్ను కాదక్కా. నువ్వు ఎప్పుడు వేసుకున్నా ఒకటే."

నవ్వాను. తను ఎవరికో చిల్లర లెక్కపెట్టి ఇస్తోంది. ఆ చిల్లర చప్పుడులో, ఎందుకో, లైబ్రరీ హాల్లో ఆ రోజు గుర్తొచ్చింది. మా ఆఖరి కచేరీ, నాకు ఆఖరిది. ఎనిమిది పాటలు వాయించాలి, ఏడు వాయించాను. ఎనిమిదోది మొదలైంది, కాగితంలో మూడో గీతకు వచ్చేసరికి నా కుడిచెయ్యి నూలుపోగంత పైకి లేచింది. అంతే. నేను లేపలేదు, లేచింది, నేను దించలేదు. అందరి కమానులూ కిందికి వస్తే నాదీ కిందికి, పైకి వెళ్తే పైకి, ఎడమచేతి వేళ్ళు ఉండాల్సిన చోటే ఉన్నాయి, కాలి బొటనవేలు తాళం వేస్తోంది, కాగితం తిప్పాల్సి వచ్చినప్పుడు తిప్పాను కూడా. కమాను తీగకు ఆనలేదు. ఆరు నిమిషాలు. చప్పట్లు కొట్టారు, లేచి నమస్కారం పెట్టాం, లెక్కలాయన నేరుగా మా వరస దగ్గరికి వచ్చి, "ఇవాళ రెండో వరస బ్రహ్మాండం, ఇద్దరిదీ ఒక్క గొంతులా వినిపించింది" అన్నాడు. సిగ్గేస్తుందేమోనని చూశాను. హాలు దాటేదాకా చూశాను, బస్సెక్కేదాకా చూశాను, ఇంటికొచ్చేసరికి ఆకలేసింది, అన్నం తిన్నాను. మరుసటి శనివారం జ్వరమని చెప్పాను. ఆ తర్వాత చుట్టాలు, ఆ తర్వాత అమ్మాయి పరీక్షలు, ఆ తర్వాత చెప్పడం కూడా మానేశాను.

"అక్కా, ఉన్నావా?"

"లైబ్రరీలో ఆ రోజు" అన్నాను, "ఆఖరిది నేను వాయించలేదు."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"పక్కనే కూర్చుంటా తల్లీ, నాకు తెలీకపోవడమేంటి? కమాను గాల్లో ఈదుతోంది. మొదట నీ తీగ తెగిందేమో అనుకున్నా. చూస్తే నాలుగూ ఉన్నాయి. ఇంకేం చెయ్యను, నీ వంతు కూడా నేనే గట్టిగా లాగా, రెండ్రోజులు భుజం పట్టేసింది, నా షాపులో మందే నేను రాసుకున్నా. ఒక్క గొంతన్నాడు చూడు ఆయన, ఒక్క గొంతే మరి!" పకపకా నవ్వింది. నవ్వు ఆగాక గొంతు మార్చి, "నేనే అడగాల్సింది. నువ్వు చెప్తావులే అనుకున్నా" అంది. "ఆ కుర్చీ కొత్తావిడకి పోతే నాకు కష్టంగా ఉంటుందక్కా, అబద్ధమెందుకు. కానీ గాల్లో ఈదే మనిషి పక్కన కూర్చోడం అంతకంటే కష్టం. ఏదో ఒకటి చెప్పెయ్. పెట్టేస్తున్నా, జనం ఉన్నారు."

తెలుసట. ఏడు నెలలు నేను ఒక్కదాన్నే మోస్తున్నాననుకున్నది, తను అక్కడ మాత్రల డబ్బాల మధ్య నిలబడి మోస్తోంది, పైగా భుజం నొప్పితో. ఏడుపొస్తుందేమో అనుకున్నాను, ఇలాంటిచోట రావాలి. కళ్ళు పొడిగానే ఉన్నాయి. కానీ భుజం మీద మందు రాసుకుంటూ తను ముఖం ఎలా పెట్టి ఉంటుందో కనిపించింది, స్పష్టంగా, ముక్కు ముడతలు పెట్టి, ఆ మందు వాసన తనకు పడదు. చాలాసేపు అదే చూస్తూ కూర్చున్నాను.

ఆయన కొత్త వెంట్రుకలను నీళ్ళలో తడిపి దువ్వుతున్నాడు. పేనుదువ్వెన లాంటి సన్నటి దువ్వెన, కొననుంచి చేతిపట్టు దాకా ఒక్కటే లాగుడు, ఒక వెంట్రుక అడ్డం తిరిగితే ఆగి, గోటితో తీసి పక్కకు పెట్టి, మళ్ళీ మొదటినుంచి. అమ్మాయి చిన్నప్పుడు బడికి టైమైపోతున్నా నేను అలాగే దువ్వేదాన్ని, పాపిట వంకర ఉంటే మళ్ళీ విప్పేదాన్ని, ఏడ్చేది. ఈయన దువ్వెనకు ఎవరూ ఏడవట్లేదు. చివర ముడి కట్టి, చిన్న చెక్క బిరడా పెట్టి, దెబ్బ కొట్టకుండా వేలితోనే ఒత్తి, పట్టులోకి జరిపాడు. నిజంగానే గంట కాలేదు. నాలుగూ యాభై. తెల్లగా, సాపుగా, ఒక్కటీ పైకి లేవకుండా, ఎంత శుభ్రంగా చేశాడో, ఆ పనిని చూస్తే నాకు గౌరవం కలిగింది, అది కలిగిందని గమనించాను, పక్కన పెట్టాను.

"రోజిన్ పెట్టి ఇస్తా, ఒకసారి లాగి చూసుకోండి" అంటూ ఆయన సొరుగులోంచి బిళ్ల తీశాడు. చెట్టు జిగురు గట్టిపడితే అయ్యే బిళ్ల అది, తేనె రంగులో ఉంటుంది, దాన్ని రుద్దితేనే వెంట్రుక తీగను పట్టుకుంటుంది, పట్టుకుంటేనే పలుకుతుంది. కొత్త వెంట్రుకలు ఒట్టివి, నున్నగా జారిపోతాయి, ఎంత లాగినా వయొలిన్ నోరు విప్పదు.

"వద్దండీ" అన్నాను.

"వద్దా?"

"వద్దు. అలాగే ఇవ్వండి."

బిళ్ల చేతిలోనే ఉండిపోయింది. "ముప్పై ఏళ్ళలో రోజిన్ వద్దన్నవాళ్ళని చూళ్ళేదమ్మా. పలకదు మరి."

"తెలుసండీ."

నా ముఖంలోకి చూశాడు. అప్పుడు కూడా అడగలేదు. బిళ్ల సొరుగులో పెట్టేసి, కమాను ఇచ్చాడు. పెట్టెలోంచి వయొలిన్ తీశాను, గడ్డం కింద పెట్టుకున్నాను, ఏడు నెలల తర్వాత కూడా దాని చోటు అది వెతుక్కుంది, భుజం ఎముక దగ్గర, చల్లగా. కమాను తీగమీద ఆనించాను. ఆనింది. పట్టునుంచి కొన దాకా నిదానంగా లాగాను. ఏమీ రాలేదు, దుప్పటి మీద చెయ్యి నిమిరితే వచ్చేపాటి చప్పుడు, అది నాకే వినిపించింది, గడ్డం ఎముకకు. మళ్ళీ కొననుంచి పట్టు దాకా. తీగ బరువు చేతికి తెలుస్తోంది. నేను ఎవరికీ వాయిస్తున్నట్టు కనిపించడం లేదు, వాయించడం లేదు, ఆయన నేలమీది పాత వెంట్రుకలను చీపురుతో ఊడుస్తున్నాడు. నాలుగుసార్లు లాగి దించేశాను.

"ఒక్క మాట" అన్నాడు ఊడుస్తూనే. "వాయించకపోతే వాయించకండి. మూత మాత్రం పెట్టకండి. వెలుతురు తగలాలి. ఎండ కాదు, వెలుతురు."

ఐదు కాగానే ఫోన్ మోగింది. గడియారం ముల్లు పూర్తిగా ఆగకముందే.

"చెప్పమ్మా. వస్తావా?"

"రానండీ."

"ఎందుకు?"

చేతిలో కమాను ఉంది, కొత్తగా, మెరుస్తూ. ఇది పాడైందండీ అని ఇప్పటికీ అనొచ్చు, ఆయనకు కనిపించదు. "కారణం లేదండీ" అన్నాను. "వాయించాలని అనిపించడం లేదు. కష్టం ఏమీ లేదు, కోపం లేదు. అనిపించడం లేదు, అంతే. ఇంకోటి కూడా చెప్పాలి. లైబ్రరీ హాల్లో ఆఖరిది నేను వాయించలేదు. కమాను ఆనించకుండా ఊపాను. ఆరు నిమిషాలూ."

అటువైపు పెన్నుతో బల్లమీద తట్టడం వినిపించింది. ఆయన లెక్క మళ్ళీ మొదటినుంచి వేసుకుంటున్నాడని అర్థమైంది.

"నాకు పన్నెండూ వినిపించాయి" అన్నాడు చివరికి.

"ఒకటి రెండింతలైందండీ. నా పక్కమ్మాయి."

"ఓహో. అయితే ఆ రోజు మెచ్చుకోవాల్సింది తనని. రేపు చెప్తాను. నిన్ను మెచ్చుకున్నది వెనక్కి తీసుకుంటున్నాను, ఏమీ అనుకోకు."

"తీసుకోండి" అన్నాను. నిజంగానే తేలికైంది, తల మీదనుంచి ఒక గిన్నె దించినట్టు.

"ఎన్నాళ్ళు రావు?"

"తెలీదండీ."

"సరే, తెలీదు అని రాసుకుంటాను. కుర్చీ కొత్తావిడకి ఇచ్చేస్తున్నాను. నువ్వు వచ్చినప్పుడు పదమూడోది వేస్తాం, ఆ హాల్లో కుర్చీలకేం కరువు లేదు." తప్పు దిద్దుకుంటున్న గొంతుతో, "వచ్చినప్పుడు అన్నాను కదూ. వస్తే" అని పెట్టేశాడు.

కుర్చీ పోయింది. పదకొండేళ్ళు కూర్చున్న కుర్చీ, కిటికీ వైపు, చలికాలం గాలి కొట్టేది, ఎప్పుడూ నేనే ఆ రెక్క మూసేదాన్ని. కొత్తావిడకు ఆ గొళ్ళెం కొంచెం పైకెత్తి నొక్కాలని ఎవరైనా చెప్తారో లేదో. మందులమ్మాయి చెప్తుంది. లోపల ఏమైనా విరిగిందేమోనని చూసుకున్నాను, మా ఆయన కడ్డీ పెట్టి విన్నట్టు. ఏమీ వినిపించలేదు. కానీ కారడం కూడా వినిపించలేదు.

బస్సులో పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాను, గొళ్ళేలు వెయ్యలేదు, మూత ఊడి పడకుండా చేత్తో పట్టుకున్నాను, సందులోంచి మఖమలు మీద సన్నగా ఒక గీత వెలుతురు పడి బస్సు మలుపు తిరిగినప్పుడల్లా అటూ ఇటూ జరుగుతోంది. ఇంటికి వెళ్ళాక మా ఆయన్ని రెండు మేకులు అడగాలి. ఎందుకు అంటారు. తగిలించడానికి అంటాను, ఎక్కడ అంటే హాల్లో, అమ్మాయి చదువుకునే బల్ల పక్క గోడకి, ఎండ తగలదు, రోజంతా వెలుతురుంటుంది, వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ కనిపిస్తుంది, కనిపించనీ. ఒకటి వయొలిన్‌కి, ఒకటి కమానుకి. రెండూ సమానంగా ఉండాలి, టేపు పెట్టి కొలిచి కొట్టించాలి, ఆయన కంటితో కొట్టేస్తారు. దుమ్ము పడుతుంది. తుడుస్తాను.